మూడో రెక్క

మార్చి 9, ఆదివారం

అక్కకు,

తమ్ముడు నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావని మీ అమ్మాయి ఫోన్‌లో చెప్పింది కాబట్టి, క్షేమమని తలుస్తాను అంటూ తలవాల్సిన అవసరం లేదు. నా ఫోన్ ఎత్తవు గనకే ఈ ఉత్తరం. దీన్నయితే మధ్యలో కట్ చేయలేవు కదా.

ముందు వార్తలు. నాన్న సైకిల్ షాపు కొనుక్కున్నాయన గోడలు పడగొడతానంటే వెనక గది ఖాళీ చేశాను. పాత టైర్ల వెనకాల మన రాకెట్ పెట్టె దొరికింది. ఇంట్లో బీరువా మీద ఉండాల్సింది షాపుకెలా వచ్చిందో మరి. ఇల్లు మారినప్పుడు సామానుతో కలిసి వచ్చుంటుంది.

మూత మీద బొమ్మ గుర్తుందా? నిక్కరేసుకున్న కుర్రాడు మీట నొక్కుతుంటాడు, తండ్రి ఆకాశం కేసి చూస్తుంటాడు, వెనకాల గౌనేసుకున్న పిల్ల చప్పట్లు కొడుతుంటుంది. కింద పెద్ద అక్షరాలతో ‘అబ్బాయిల కోసం’ అని. అది రాసినవాడు ఇప్పుడు దొరికితే నిలబెట్టి అడుగుతాను: చప్పట్లు కొట్టడానికి ఆ పిల్లకి చేతులున్నాయని కనిపెట్టావు, ఆ చేతులు ఇంకేం చేయగలవో కనిపెట్టలేకపోయావా అని.

నాన్న దాన్ని నా పుట్టినరోజుకి తెచ్చాడు. నేను బ్లేడు పట్టుకుంటే తెగేది నా వేలే. బెండులా తేలిగ్గా ఉండే ఆ చెక్కని రెక్కలుగా కోసింది నువ్వు. ఉప్పుకాగితంతో రుద్ది, అంచు చెంపకి ఆనించుకుని నునుపు చూసింది నువ్వు. నేను పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాణ్ణి. నాకు మైకు అని పేరు పెట్టింది అప్పుడే కదా. షాపులోంచి పంక్చర్లకి పూసే సొల్యూషన్ వాసన, ట్యూబుని తొట్టిలో ముంచితే లేచే బుడగల చప్పుడు. నాన్న ప్యాచీ కత్తిరించిన ప్రతిసారీ మూలలు గుండ్రంగా తిప్పేవాడు. మూల ఉంటే అక్కణ్ణించే లేచిపోతుందమ్మా అని నీకే చెప్పేవాడు. నాకు చెప్పేవాడు కాదు, అదేంటో.

తర్వాత మేనత్త వచ్చింది. ఆడపిల్ల ఒంటినిండా ఈ జిగురేంట్రా, రేపట్నించి కుట్టు క్లాసుకి పంపు అని నాన్న మీద విరుచుకుపడింది. నాన్న మారు మాట్లాడకుండా పెట్టె మూసి బీరువా మీద పెట్టేశాడు. ఆ మౌనంతోనే నేను ఇన్నేళ్ళుగా దెబ్బలాడుతున్నాను. కేకలేసేవాళ్ళని ఎదుర్కోవచ్చు, నోరు మూసుకుని ఊరుకునే మంచివాళ్ళనే ఏమీ చేయలేం. ఆయన పోయేదాకా ఆయనతో వాదించాను. ఒక్కసారి జవాబు చెప్పిన పాపాన పోలేదు. నవ్వేవాడు.

వ్యాసాల్లో రాశాను. సభల్లో చెప్పాను. పోయినేడు సభలో నువ్వు ముందు వరసలో కూర్చుని ఉండగానే, మా అక్క చేతిలోంచి రాకెట్ లాక్కున్న మా నాన్న అని మొదలెట్టాను. నువ్వు లేచి వెళ్ళిపోయావు. పరిగెత్తుకొస్తే గుమ్మం దగ్గర ఒకే మాటన్నావు, నీకేం తెలుసురా మైకూ అని. అప్పట్నించి మాటల్లేవు. నాకు తెలీకపోవడమేంటక్కా? నేనక్కడే ఉన్నాను కదా!

సరే, దెబ్బలాటకి రాయడం లేదు. రాకెట్ పూర్తి చేశానని చెబుదామని. అట్టగొట్టానికి నువ్వంటించిన రెక్కలు రెండు అలాగే నిలబడి ఉన్నాయి. మూడోది విడిగా పెట్టెలో పడి ఉంది, దాని చోట గొట్టం మీద ఎండిపోయిన జిగురు గీత. జిగురు ఆరకముందే లాగేసుకున్నారన్నమాట! ఇంధనం గుళికలు లేవు, నాన్నే పారేసుంటాడు. అడుగున నల్లటి బూజు పట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచాను. రాకెట్ ముక్కు బిగుసుకుపోయి ఊడి రాలేదు, అలాగే వదిలేశాను. మూడో రెక్క అంటించి, ఆరేదాకా చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నేనంతసేపు నోరెత్తకుండా ఉండేసరికి నీ మరదలు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకు చూసింది. తెల్లరంగు వేశాను. స్టిక్కర్లు ముట్టుకుంటే పొడైపోయాయి, అందుకని ఎర్ర గీతలు కుంచెతోనే దిద్దాను. వంకరగా ఉన్నాయి, నవ్వకు. మూత మీద ‘అబ్బాయిల కోసం’ అన్నచోట కాగితం అంటించి నీ పేరు రాశాను.

కొత్త గుళికలు సంపాదించాను. వచ్చే ఆదివారం పొద్దున మన స్కూలు మైదానానికి రా. మీట నువ్వే నొక్కాలి. అది నేల మీదే ఉండిపోతే మేనత్త గెలిచినట్టు, నాన్న మౌనం గెలిచినట్టు. నా మీద కోపం రాకెట్ మీద చూపించకు.

ఎదురుచూస్తూ,
నీ తమ్ముడు,
మైకు

తా.క.: కవరు అంటించబోతుంటే అనుమానం వచ్చింది. ముక్కు ఊడకపోతే, దిగేటప్పుడు విచ్చుకోవాల్సిన పారాచూట్ ఎలా బయటికొస్తుంది? గట్టిగా తిప్పాను. వేసిన రంగు పెచ్చులూడింది గానీ, వచ్చింది. వెనకే మడతపెట్టిన పారాచూట్, దాని అంచు చుట్టూ మిషను కుట్టు. ముక్కుని గొట్టానికి పట్టి ఉంచేది కిట్‌లో ఇచ్చిన సన్నటి ఎలాస్టిక్ కాదు, సైకిల్ ట్యూబు పట్టీ. గొట్టం లోపల దాన్ని ప్యాచీ వేసి అంటించారు. ప్యాచీ మూలలు గుండ్రంగా ఉన్నాయి.

లోపల వేలు పెట్టి చూస్తే నల్లగా అంటింది. బూజు కాదు, గుళిక కాలిన మసి. మూడో రెక్క అంటించకుండా ఆగిపోయింది కాదు, దిగినప్పుడు నేలకి తగిలి ఊడింది. పెట్టె షాపులో ఎందుకుందో కూడా ఇప్పుడు బుర్రకెక్కింది.

నాకెందుకు చెప్పలేదని అడగను. నాకు చెబితే మేనత్తకి చెప్పినట్టే. అయినా మీరిద్దరూ నాకు చేసింది అన్యాయమే, దాని మీద తీరిగ్గా వాదిస్తాను. ఆదివారం మాత్రం నోరెత్తను. మీట నువ్వు నొక్కు, వెనకాల నిలబడి చప్పట్లు నేను కొడతాను.

ఈలోగా ఒక్క సంగతి చెప్పు. అది అలా పైకి వెళ్తుంటే నాన్న ఏమన్నాడక్కా?