సరంగు నీళ్లలో కాలెందుకు పెట్టడు

నవంబర్ 13, గురువారం

రేపే సరంగు కొత్త సినిమా రిలీజ్. మార్నింగ్ షో టికెట్లు రెండూ నా స్నేహితుడు జాక్సన్ ఫోన్‌లో ఉన్నాయి. హీరో ఎంట్రీకి ఎగరేయడానికి ఇంట్లో పాత పేపర్లన్నీ చింపి సంచీ నింపాను. క్యాలెండర్ మీద చెయ్యి వేస్తే మా ఆవిడ రోజారమణి లాక్కుంది, డిసెంబరు ఇంకా మిగిలే ఉంది కదా, దాన్నేటి సేత్తావ్ అని.

సరంగు మొదటి రెండు పార్టులూ నేనూ జాక్సనూ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. రేవంతా పడవల పెద్ద సరంగు చెప్పుచేతల్లో ఉంటుంది. నీళ్లలో మాత్రం కాలు పెట్టడు. ఎందుకని ఎవరైనా అడిగితే బీడీ ముట్టించి వెళ్లిపోతాడు. హాలంతా విజిల్సే విజిల్స్.

పెళ్లాం సముద్రంలో పోయుంటుందని నా వాదన. కాదు బావా, పడవ తిరగబడిపోయుంటాది, ఎవుడిదో సెయ్యి పట్టుకుని ఒగ్గేసుంటాడు అని జాక్సన్ వాదన. ఏళ్ల తరబడి టీ కొట్టు దగ్గర ఇదే గొడవ. ఈ కొత్తది మొదటి పార్టుకి ముందు జరిగిన కథట. రేపటితో తేలిపోతుంది.

నవంబర్ 14, మధ్యాహ్నం 2

ఏం రాయాలో తెలియడం లేదు.

కాగితాలు ఎగరేయడానికి చోటే దొరకలేదు. ఎంట్రీ ఏది? ముందు తల్లి కడుపులో ఉన్నాడు. తర్వాత పుట్టాడు. బాల్కనీలో ఎవడో ఆగలేక పురిటి సీన్‌కే చల్లేశాడు. తర్వాత బళ్లోకెళ్లే పిల్లాడు. ఆ తర్వాత కంప్యూటర్‌తో కుర్రాణ్ణి చేసిన మా హీరో, ముఖం అప్పుడే దించిన ఇడ్లీలా ఉంది. వాడింకా సరంగు కాలేదు, గుమస్తాకి సలాం కొడుతున్నాడు. దానికి కాగితాలు ఎలా చల్లను? సంచీ ఒళ్లో పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాను.

మెడ మీద కత్తి పెట్టినా భయం వెయ్యలేదు. రెండో పార్టు దాకా బతికే ఉంటాడని అందరికీ తెలుసు. బీడీ ఎవరు నేర్పారో చెప్పారు. తువ్వాలు ఏ సంతలో కొన్నాడో చెప్పారు. మేం అడిగామా?

ఇక అసలుది. చిన్నప్పుడు జ్యోతిష్యుడు జలగండం ఉందన్నాడట. అమ్మ నీళ్ల జోలికి పోనని ఒట్టు వేయించుకుందట. అంతే!

నా కోపం సరే, జాక్సన్ సంగతే అర్థం కాలేదు. లైట్లు వేశాక కూడా లేవలేదు. ఊడ్చేవాళ్లు వచ్చేశారు. గండమా బావా, ఒట్టి గండమేనేటి అని నన్నే అడిగాడు, సినిమా నేనే తీసినట్టు. తర్వాత నన్ను వదిలేసి బండి తీసుకుని వెళ్లిపోయాడు. పెందుర్తికి ఆటోలో వచ్చాను.

నవంబర్ 16, ఆదివారం

జాక్సన్ ఫోన్ ఎత్తడం లేదు. ఫ్యాన్స్ గ్రూప్‌లోంచి కూడా లెఫ్ట్ అయిపోయాడు.

ఎందుకు ఎందుకు అని ఇన్నాళ్లూ అడిగింది మేమే. చెప్పారు. మరి కోపమెందుకు? వాళ్లు చెప్పకుండా వదిలేసిన చోట మేమిద్దరం కాపురం పెట్టేశాం. ఇప్పుడు ఆ ఇంట్లోకి జ్యోతిష్యుణ్ణి తెచ్చి దించారు. రోజారమణి అయితే నవ్వుతోంది. పెళ్లి బోజనాలు తినేసొచ్చినోళ్లని మల్లీ కూకోబెట్టి పెళ్లిసూపులు సూపిత్తే ఎలాగుంటాది, అలాగే ఉంటాది అంది. నాకు నవ్వు రాలేదు.

నవంబర్ 18, ఉదయం, బి షిఫ్ట్‌కి వెళ్లే ముందు

జాక్సన్ భార్య ఫెబా వచ్చింది. అన్నయ్యా, ఆ సినిమాలో ఏటుంది, ఈయన తిండి తినట్లేదు, పనికెళ్లట్లేదు అంది. జలగండం గురించి చెప్పాను. అది కాదు, యోహాన్ బావగారి లాటోళ్లెవరైనా ఉన్నారా అంది.

యోహాన్ జాక్సన్‌కి అన్న. సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదని తెలుసు. ఆ తర్వాతే హార్బర్ దగ్గర ఇల్లు ఖాళీ చేసి ఇటొచ్చారనీ తెలుసు. ఆ రోజు పడవలో జాక్సన్ కూడా ఉన్నాడట, ఫెబా చెప్పింది. అది నాకు తెలియదు.

చెయ్యి ఒగ్గేసుంటాడు అనేవాడు. నేను ప్రతిసారీ నవ్వేవాణ్ణి.

నవంబర్ 22, శనివారం

జాక్సన్ టీ కొట్టుకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గ్లాసు పట్టుకుని, బావా, ఆ రోజు పడవలో నానూ అన్నయ్యా, అని మొదలుపెట్టాడు.

వద్దు బావా, చెప్పకు అన్నాను.

మంచికే అన్నాననుకున్నాను. చెప్పేస్తే ఆ సంగతి చిన్నదైపోతుందనిపించింది, సరంగుకి అయినట్టే. జాక్సన్ సర్లే అన్నాడు. టీ సగంలో పెట్టేసి వెళ్లిపోయాడు.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే మతి పోతోంది. వాడి మంచికి వద్దన్నానా? వినే దమ్ము లేక వద్దన్నానా? సినిమాకీ మనిషికీ తేడా తెలియని వెధవనా నేను? సరంగుకి నోరు విప్పాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. జాక్సన్‌కి ఉందేమో. ఇంక నాతో ఎప్పటికీ మాట్లాడడేమో. భయంగా ఉంది.

నవంబర్ 23, ఆదివారం

ప్రార్థన అయ్యేదాకా చర్చి బయట నిలబడ్డాను. జాక్సన్ బయటికొచ్చాక అడిగాను. చెప్పాడు.

ఇక్కడ రాయను.