డాక్టరమ్మ కుడిచెయ్యి

చిన్నోడా,

నిన్న పోలీసులు వచ్చి అడిగితే, కొట్టింది నా తమ్ముడేనని చెప్పాను. ఆ సంగతి ఇంకెవరి నోటో వినడం కంటే నా ఉత్తరంలో చదవడం నయమని రాస్తున్నాను.

మామూలు గడ్డలేనంటే గర్భసంచి తీయించుకున్నాను. తీసినదాన్ని పరీక్షకు పంపితే అందులో క్యాన్సర్ ఉందని తేలింది. డాక్టరమ్మ ఆ మాట చెబుతుండగానే నువ్వు లేచావు. "కోసేదాకా కళ్లు మూసుకున్నావా?" అంటూ ఇనపకుర్చీ ఎత్తి కొట్టావు. ఆవిడ మొహానికి అడ్డం పెట్టుకున్న చెయ్యి విరిగిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. కిందపడ్డాక కూడా తన్నావు. నీ కాళ్లు పట్టుకుంటే నన్నూ ఈడ్చావు. నా కుట్లు పిగిలి చీర నెత్తురైంది.

ఈ పొద్దున ఆవిడే చేతికట్టుతో నా మంచం దగ్గరికి వచ్చింది. "ముందు చేసిన పరీక్షల్లో అది కనబడలేదమ్మా. కొందరికి తీశాకే తెలుస్తుంది. ఇంకో ఆపరేషన్ చేయాలి. నా చెయ్యి పనికిరాదు, వేరే డాక్టరు చేస్తారు. నేను పక్కనే ఉంటాను" అంది. నీ ఊసే ఎత్తలేదు.

అక్క మీద ప్రేమతో కొట్టాడని బంధువులు అంటున్నారు. జబ్బు సంగతి విన్నరోజు నేను నాకోసం ఏడవాలి కదరా. ఆవిడ నెత్తురు తుడుస్తూ కూర్చున్నాను.

బెయిలు వచ్చినా ఆసుపత్రికి రావద్దు. నిన్ను చూస్తే నర్సులు గది వదిలి పారిపోతారు. నాకిప్పుడు వాళ్లు కావాలి.

నిన్ను ఎత్తుకుని పెంచిన
అక్క