సప్పుడు చేయని కెమెరా

ఎల్బీ నగర్,
డిసెంబర్ 29

సాంబమూర్తి సారుకు సీతారాములు నమస్కారం చేసి రాసేది.

నేనెవరో మీకు తెల్వదు. ఆర్టీసీ డిపోల మెకానిక్‌గా చేసి రిటైరైన. మా పై పోర్షన్ల కిరాయికుండే రాజు రోజూ సైదాబాద్‌కు పనికి వస్తడు. మీ దుకాణంల పాత రీలు కెమెరాలు దొరుకుతయని, ఫోన్ల మాట మీకు సరిగ్గ వినపడదని, చీటీ రాస్తే జవాబిస్తరని అతనే చెప్పిండు. నాకు మోకాలు ఆపరేషన్ అయింది, అంత దూరం రాలేను. అందుకే ఈ ఉత్తరం రాజు చేతికిస్తున్న.

నాకొక కెమెరా కావాలె. ఫ్లాష్ ఉండొద్దు. సప్పుడు రావొద్దు. సాయంత్రం పూట ఒక్క బల్బు వెలుగుల, వంటింట్ల ఉన్న ఒక ఆడమనిషి ఫొటో ఆమెకు తెల్వకుంట తియ్యాలె. అటువంటిది మీ దగ్గర ఉన్నదా?

ఇట్లు,
మీ సీతారాములు

తా.క.: ఈ సంగతి మా ఇంట్లామెకు అస్సలు తెల్వొద్దు.

*

సైదాబాద్,
డిసెంబర్ 31

సీతారాములు గారికి,

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు స్టూడియో నడిపాను. పెళ్ళిళ్ళు తీశాను, పాస్‌పోర్టులు తీశాను, పెళ్ళిచూపుల కోసం వచ్చిన పిల్లల పక్కన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టి తీశాను. అంతేగానీ ఒకరి వంటింట్లోకి తొంగిచూసి ఆడమనిషిని తీయడానికి ఏనాడూ ఎవరికీ కెమెరా ఇవ్వలేదు. మోకాలికి ఆపరేషన్ అయిన మనిషికి ఇదేం బుద్ధండీ? ఇంట్లో మందులు అందించే ఇల్లాలు ఉండగా!

మీ ఉత్తరం మా ఆవిడ నాగేశ్వరి కూడా చదివింది. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేద్దామంది. పెద్దవారని నేనే ఆపాను.

ఉంటాను,
సాంబమూర్తి

తా.క.: మీరు డిటెక్టివ్ అయితే క్షమించండి. మోకాలు చిప్ప మార్పించుకున్న డిటెక్టివ్‌ని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

*

ఎల్బీ నగర్,
జనవరి 2

సాంబమూర్తి సారూ,

కొంపలంటుకుంటుండె! ఆ ఆడమనిషే మా ఇంట్లామె. పేరు సుమిత్రమ్మ. ఆ వంటిల్లు మాదే.

ఆమెకు ఒక అలవాటున్నది సారూ. ఫొటో అంటే చాలు, కళ్ళు మూస్కుంటది. మా పెండ్లి ఫొటోల మూసింది. పిల్లల పెండ్లిళ్ళల్ల మూసింది. ఆధార్ కార్డు కాడ నాలుగుసార్లు తీసి ఆ పిల్ల దండం పెట్టింది. ఫోన్ ఎత్తినా అంతే. నలభై రెండేండ్ల కాపురంల ఆమె కళ్ళు తెరిచిన ఫొటో ఒక్కటి లేదు.

ఉన్నదాంట్ల మంచిది పెద్దగ చేయించి ముందరి గదిల పెట్టిన. మొన్న గ్యాస్ బండ తెచ్చినాయన అది చూసి, "పెద్దమ్మ ఎప్పుడు పోయింది తాతా?" అని అడిగిండు. అప్పుడే ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది పెద్దమ్మనే. అందరం నవ్వినం. ఆమె కూడ నవ్వింది. కాని పొద్దుగూకినంక చూస్తే గోడ మీద ఫొటో లేదు. తీసి బీరువా ఎన్క పెట్టింది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు సారూ.

నా డ్యూటీ బండ్లు ఎన్ని గంటలకు డిపోకొస్తే నేను అన్ని గంటలకు ఇంటికొచ్చేటోన్ని. ఒక్కనాడు కూడ నేను రాకముందు ఆమె కన్ను మూయలేదు. గసుంటి మనిషి గోడ మీద కళ్ళు మూస్కొని ఉండుడేంది? ఫిబ్రవరి 9న మా పెండ్లిరోజు. ఆ దినానికి ఆమె కళ్ళు గోడ మీద ఉండాలె.

రీలు కెమెరా ఎందుకంటే, పాత సామాను ముందల పెట్టుకొని కూసుంటే ఏదో రిపేర్ చేస్తున్ననని నా దిక్కు చూడది.

మీ సీతారాములు

తా.క.: పోలీసులను ఆపిన మీకు, పిలుద్దామన్న అమ్మకు ఇద్దరికీ నమస్కారాలు. పిలుద్దామన్న అమ్మకు ఒకటి ఎక్కువ.

*

సైదాబాద్,
జనవరి 5

సీతారాములు గారికి నమస్కారం.

నన్ను క్షమించండి. మీ ఉత్తరం చదివి నాగేశ్వరి కళ్ళు తుడుచుకుంది. "పోలీసులని కాదు, ముందు నిన్ను పట్టించాలి" అని నన్నే తిట్టింది.

మీకు కావలసింది రేంజ్‌ఫైండర్ కెమెరా. మామూలు పెద్ద కెమెరాలో లోపల అద్దం లేచి పడుతుంది, ఆ చప్పుడుకే ఆవిడ కళ్ళు మూసేస్తారు. దీంట్లో అద్దం ఉండదు. నా దగ్గర రెండున్నాయి. రష్యా దానికి 1.5 లెన్స్, జపాన్ దానికి 1.7. ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది, చీకట్లో అంత బాగా చూస్తుంది. ఆ లెక్కన రష్యాదే మేలు. కానీ అది నొక్కితే టక్కుమంటుంది. జపాన్‌ది నొక్కితే నొక్కినవాడికే అనుమానం వస్తుంది, పడిందా లేదా అని. వెలుగు కాస్త తక్కువైతే నేను రీలు కడిగేటప్పుడు సర్దగలను, చప్పుడుని కడగలేను కదండీ. అందుకని జపాన్‌ది పంపుతున్నాను. పని అయ్యాక కెమెరా తిరిగి ఇద్దురుగాని, డబ్బు మాట ఎత్తకండి.

అంకె 1.7 మీద, షట్టర్ 30 మీద పెట్టి ఇక కదపకండి. మోచేతులు బల్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి.

మీ సాంబమూర్తి

తా.క.: కెమెరా వెనకున్న చిన్న కిటికీలోంచి చూస్తే మధ్యలో ఇద్దరు సుమిత్రమ్మ గార్లు కనిపిస్తారు. భయపడకండి. లెన్స్ చుట్టూ ఉన్న ఉంగరం తిప్పి ఇద్దరినీ ఒకరిని చేయండి. ముక్కుపుడక మీద గురి పెడితే సులువు.

*

ఎల్బీ నగర్,
జనవరి 20

సాంబమూర్తి సారూ,

మీ రుణం తీర్చుకోలేను. ముప్పై ఆరు ఫొటోలు తీసిన! రీలు, కెమెరా రెండూ రాజు తోని పంపుతున్న.

కిటికీల ఎంత సాఫ్‌గ కనపడ్డదో! ఇద్దరు సుమిత్రమ్మలను చూసి మొదటి దినం చెమటలు పట్టినయి గాని, తర్వాత అలవాటైంది. రాజు వచ్చి, "లెన్స్ మీద 16 కూడ ఉన్నది తాతా, అంత పెద్దది ఉండంగ ఈ చిన్నదెందుకు?" అన్నడు. సారు చెప్పిన అంకెను ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతానన్న. ఫ్రిజ్ పక్కన కుర్చీ ఏసుకొని, ఒళ్ళ స్క్రూడ్రైవర్ పెట్టుకొని, రెండు వారాలు పని నడిపిచ్చిన. ఆమెకు ఇసుమంత అనుమానం రాలేదు. కెమెరాను ఇంట్ల ఎవ్వరూ చూడని జాగల దాసిన.

మీ సీతారాములు

తా.క.: మధ్యమధ్యల ఆమె నా దిక్కు సూటిగ చూసి, ఏదో చెప్పబోయి ఊకుంటది. మోకాలు గురించే కావచ్చు.

*

సైదాబాద్,
జనవరి 22

సీతారాములు గారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

రీలు కడిగాను. ముప్పై ఆరింట్లో ఒక్క బొమ్మ లేదు. లెన్స్ చెడిపోయిందేమో అని కెమెరా ఊడదీశాను. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు గమనించాను, మీరు పంపిన కెమెరాకి లెన్స్ మూత పెట్టే ఉంది. దుమ్ము పడకుండా పెట్టి పంపారా, లేక అసలు తీయనే లేదా?

తప్పు నాదే. ఈ కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్స్ వేరు. మూత ఉన్నా కిటికీలో లోకమంతా చక్కగా కనిపిస్తుంది. మొదటే చెప్పాల్సింది, కళ్ళు మూసుకునే ఆవిడ గురించి ఆలోచిస్తూ కళ్ళు మూసుకున్న కెమెరా సంగతి మర్చిపోయాను. కొత్త రీలు వేసి పంపుతున్నాను. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, అధైర్యపడకండి.

మీ సాంబమూర్తి

తా.క.: కెమెరా తోలు సంచీలో నాలుగు బియ్యపు గింజలు దొరికాయి. తలంబ్రాలు పోశారా?

*

ఎల్బీ నగర్,
ఫిబ్రవరి 4

సాంబమూర్తి సారూ,

అసలు తియ్యనే లేదు సారూ. ముప్పై అయిదేండ్లు బస్సులిప్పి పెట్టినోన్ని, మూత తీసుడు తెల్వలేదు. మా డిపోల ఎవ్వరికీ చెప్పకండి.

ఈసారి మూత తీసి జేబుల ఏస్కొని తీసిన. ఇదే ఆఖరి రీలు, ఇంక దినాలు లేవు. ఒక్కటి వచ్చినా చాలు. రాకున్నా మీరు చేసిన సాయం మర్చిపోను.

మీ సీతారాములు

తా.క.: బియ్యం సంగతి తర్వాత చెప్త.

*

సైదాబాద్,
ఫిబ్రవరి 6

సీతారాములు గారికి,

పదకొండింట్లో గోడ మీద క్యాలెండర్ అద్భుతంగా వచ్చింది, తిథులు కూడా చదవచ్చు. పదమూడింట్లో ఆవిడ రెండుగానే ఉండిపోయారు. పదకొండింట్లో మీ ఫ్రిజ్ తలుపు.

మిగిలింది ఒక్కటి. దాని గురించి ఏం చెప్పను? బల్బు వెలుగు ఒక చెంప మీద పడింది, ముక్కుపుడక మెరుస్తోంది, కళ్ళు రెండూ నిండుగా తెరుచుకుని ఉన్నాయి. నలభై ఏళ్ళలో నేను తీసిన ఏ ఫొటో దీనికి సాటి రాదు. పెద్దగా చేసి, ఫ్రేము కట్టించి పంపుతున్నాను. ఇది మా ఇద్దరి కానుక.

మీ సాంబమూర్తి

తా.క.: ఒకటే సందేహం. ఆవిడ నేరుగా లెన్స్‌లోకే చూస్తున్నారేమిటండీ? పైగా నవ్వుతున్నారు!

*

ఎల్బీ నగర్,
ఫిబ్రవరి 10

సాంబమూర్తి అన్నకు, నాగేశ్వరి వదినెకు సుమిత్రమ్మ దండాలు.

ఈ ఉత్తరం ఆయనకు తెల్వకుంట రాస్తున్న. కెమెరా, మీ ఉత్తరాలు ఆయన ఎక్కడ దాసిండో తెలుసా అన్నా? బియ్యం డబ్బాల. ఈ ఇంట్ల దినాం బియ్యం తీసేది ఎవరో నలభై రెండేండ్లయినా ఆయనకు సోయి లేదు. మొదటి దినం నుంచి అన్ని ఉత్తరాలు చదివిన. ఆయన రాసింది చదివి వదినె కళ్ళు తుడుచుకున్నదని మీ జవాబుల ఉంటే గద, నేను బియ్యం డబ్బా కాడ కూసొని ఏడిసిన.

ఇగ ఫొటో తీస్తుండని తెల్సినంక, ఆయన కష్టం దండుగ కావొద్దని రెండు వారాలు కళ్ళు మిటకరించుకొని చింతపండు పిసికిన. కాని మూత! ముప్పై ఆరు సార్లు అన్నా, మూత ఉన్నది ఉన్నట్టే ఉన్నది, నాకు కనపడుతనే ఉన్నది. "ఓ అయ్యా, జర మూత తియ్యి" అని నోటి దాక వస్తది. చెప్తే నాకు తెల్సని ఆయనకు తెలుస్తది. ఊపిరి బిగబట్టుకొని ఊకున్న. రెండో రీలప్పుడు మూత తీసి జేబుల ఏసుకునుడు చూసిన. గంత సంబురంల కళ్ళు మూయాలన్న యాదే రాలేదు. మీరు మెచ్చుకున్న ఫొటో గదే.

నిన్న గోడకు పెట్టిండు. నేను నోటి మీద చెయ్యేసుకొని, "ఇదెప్పుడు తీసినవయ్యా!" అన్న. ఆయన మొకం చూడాలె మీరు. పొద్దుగాల గ్యాస్ బండాయన వచ్చి, "పెద్దమ్మా, మంచిగున్నవ్" అన్నడు. మీరిద్దరు సల్లగుండాలె.

మీ చెల్లె
సుమిత్రమ్మ

తా.క.: అన్నా, ఆయన ఒక్క ఫొటోల నవ్వడు. ఏది చూసినా డ్రైవింగ్ లైసెన్సు మొకమే. మీ ఉత్తరం చదివేటప్పుడు మాత్రం ఒక్కడే కూసొని పండ్లన్ని కనపడేటట్టు నవ్వుతడు. గా నవ్వు నాకు కావాలె. ఆయనకు ఇంకో ఉత్తరం రాయండి, నాకు గసుంటిదే సప్పుడు చేయని కెమెరా రాజు తోని పంపండి. పప్పు డబ్బాల దాస్త. మూత మీ దగ్గర్నే పెట్టుకోండి.