మిసెస్ హాస్లమ్ కదలడానికి కారణం

యార్క్‌షైర్,
మార్చి 1938

అయ్యా,

విషయం: పది లక్షల వోల్టుల ఎక్స్-రే చికిత్స నుండి తొలగింపబడిన మిసెస్ విన్నిఫ్రెడ్ హాస్లమ్ గారిని తిరిగి చేర్చుకొనుట గురించి.

ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి ట్రాము కండక్టరు ఎర్నెస్ట్ టోర్డాఫ్ విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు యంత్రమునకు అటొకరిని, ఇటొకరిని ఒకేసారి పడుకోబెట్టుట తమకు తెలిసినదే. భుజములో కణితితో నేనును, మెడలో కణితితో లాండ్రీలో పనిచేయు సదరు హాస్లమ్ గారును అట్లు పడుకొనుచుంటిమి. మధ్య సీసపు అడ్డు. నర్సు కిరణము పడవలసిన చోట చర్మముపై ఊదారంగు గుర్తు పెట్టి, ఇసుక సంచులు ఆనించి, "ఊపిరి తప్ప ఇంకేమీ కదపొద్దు" అని చెప్పి తలుపు వేసుకొని పోవును.

2. గత వారము నర్సు తలుపు తీయగా, హాస్లమ్ గారి ఇసుక సంచి కింద పడి, గుర్తు ఉండవలసిన చోట చెవి ఉండెను. మునుపే హెచ్చరించియుండుటచే, "నిశ్చలముగా ఉండజాలని రోగి" అని ఆమెను తొలగించిరి. వరండా నిండా ఎదురుచూచువారు ఉన్నారు గనుక తమను తప్పుపట్టను.

3. ఆమె కదిలిన మాట నిజము. కదిపినవాడను నేను. యంత్రం రొద మొదలైతే నాకు భయం. భయం వేస్తే నా నోరు ఊరుకోదు. ఆ రోజు ఏళ్ళ తరబడి అరిచిన అరుపే బయటికొచ్చింది: "నిలబడ్డవాళ్ళు కాస్త లోపలికి జరగాలమ్మా! ఇంకా జరగాలి!"

ఆమె రోజూ నా ట్రాములోనే పనికి పోయే మనిషి. ఆ మాట చెవిన పడితే మా ఊళ్ళో ఎవరైనా ముందు జరుగుతారు, తర్వాత ఆలోచిస్తారు. ఆమె జరిగింది. "చంపావు కదయ్యా! ఇక్కడ కూడా టిక్కెట్టు తీసుకోవాలా?" అని పడీపడీ నవ్వింది. మునుపు ఆమెకు హెచ్చరిక తెచ్చిపెట్టిన నవ్వు కూడా నా వాగుడు పుణ్యమే.

4. డాక్టరు గారు గద్దించి అడిగితే, "చెవి దురద పెట్టిందండీ" అంది. నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. పెట్టుకుంటూనే ఉన్నాను.

5. ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చింది. "నువ్వెళ్ళి చెప్పావంటే నిన్నూ గెంటుతారు. ఇద్దరం పోయి ఎవరిని ఉద్ధరించాలి? నోరు మూసుకుని పడుకో, పో" అంది. అంటూ స్కార్ఫు పైకి లాక్కుని మెడ దాచుకుంది. నా భుజంలోది సగానికి తగ్గిందయ్యా. ఆమెది అప్పుడప్పుడే తగ్గడం మొదలైంది. నేను పాపిష్టివాణ్ణి.

కావున నన్ను తొలగించి, నా వంతు ఆమెకు ఇప్పించవలెనని ప్రార్థన. తమరు తీరిక చూచుకొని కాక, ఇప్పుడే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎర్నెస్ట్ టోర్డాఫ్

తా.క.: ఇది రాసి కొన్నాళ్ళయింది. కోటు జేబులో పెట్టుకునే రోజూ వచ్చి, నా బల్ల మీద నేను పడుకుని పోతున్నాను. కిక్కురుమనడం లేదు. అటువైపు ఎవరో కొత్తాయన ఉన్నాడు. ఇవాళ కూడా నా వంతు అయ్యాకనే దీన్ని మీ గుమ్మం పక్క పెట్టెలో వేస్తున్నాను. వంతు వదులుకుంటానని రాసిన చెయ్యి నాదే గానీ, కాళ్ళు దాని మాట వినడం లేదు. రేపు మళ్ళీ వస్తాను. దయచేసి గుమ్మం దగ్గరే ఆపించండి.