కూత బోర్డును మళ్ళీ మలుపు దగ్గర పాతించుట గురించి

రైల్వే వారసత్వ పరిరక్షణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మలుపు ముందర ఉండిన పాత కూత బోర్డును తమ శాఖ పెరికించి అద్దాల గదిలో పెట్టించుట – దానిని యథాస్థానంలో నిలబెట్టవలెనని కోరుట – గురించి.

నేను గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చే ఉద్యోగం చేసి రిటైరైన వాడిని. ఇచ్చే ముందు ప్రతిదీ చదివేవాడిని గనుక, తమ శాఖ జవాబుల్లో ఏది సమాధానమో, ఏది తప్పించుకోవడమో నాకు తెలుస్తుంది. నా వెనకటి అర్జీలకు "పరిశీలనలో ఉన్నది" అని వచ్చింది. పరిశీలిస్తున్న మహానుభావుడెవరో ఎంత అడిగినా ఎవరూ చెప్పలేదు. కనుక మళ్ళీ మొదటి నుంచి మనవి చేసుకుంటున్నాను.

1. మా ఇళ్ళ వరుసకూ, అవతల నూలు కండెలు చుట్టే షెడ్డుకూ మధ్య పట్టాలున్నాయి. దాటడానికి మనిషి మాత్రమే పట్టే ఇనుప గేటు ఉంది. అది తమ శాఖ వేసిందే. గేటుకు ఎడమ పక్క గుట్టను కోసి తిప్పిన మలుపు ఉంది. ఎంత చూపున్నవాడికైనా బండి మలుపు తిరిగి మీద పడేదాకా కనబడదు. అందుకే ఆవిరి ఇంజన్ల కాలంలో ఆ మలుపుకు ముందు పసుపు రేకు మీద నల్లగా "కూత" అని రాసి పాతారు. అది కనబడగానే డ్రైవరు కూత వేయాలి. ఆ బోర్డుకు అంతకు మించి పని లేదు. ఆ ఒక్క పనీ అది ఏనాడూ ఎగ్గొట్టలేదు. ఈ మాట తమ కార్యాలయంలో ఎంతమంది గురించి అనగలమో తామే ఆలోచించుకోవలెను.

2. ఆవిరి ఇంజను రొప్పుతూ, దగ్గుతూ, పొగను ముందు పంపి తాను వెనక వచ్చేది. అయినా ఆనాటివాళ్ళు బోర్డు పెట్టారు. ఇప్పటి కరెంటు ఇంజను పాలగిన్నె దగ్గరికి వచ్చే పిల్లిలా వస్తుంది. ఇప్పుడు బోర్డు తీశారు. దీన్ని తమ భాషలో ఏమంటారో తెలియదు. మా భాషలో ఉన్న మాట అర్జీలో రాయదగినది కాదు.

3. అద్దాల గదిని తామే ప్రారంభించారు. "ఈ పాత బోర్డులు మనతో మాట్లాడతాయి" అని తమరు అంటే చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ బోర్డు మాతో ఏనాడూ మాట్లాడలేదు. అది డ్రైవరుతో మాట్లాడేది, డ్రైవరు మాతో మాట్లాడేవాడు. గదిలో ఉన్న మిగతావి తమ దగ్గరే ఉంచుకోండి. "ఇక్కడ బూడిద దులపవలెను" అన్నది ఉంచుకోండి, దులపడానికి ఇప్పటి ఇంజన్లలో బూడిద లేదు. "మూడవ తరగతి నిరీక్షణ గది" అన్నది కూడా ఉంచుకోండి. ఆ తరగతి పోయింది, నిరీక్షణ మాత్రం మాకు ఎప్పుడూ ఉంటుంది.

4. కూత బోర్డు కింద "ఆవిరి యుగపు అవశేషం. ప్రస్తుతం ఉపయోగంలో లేదు" అని చీటీ అంటించారు. తమ మనుషులు గడ్డపారతో పొడిచిన ఉదయం దాకా అది ఉపయోగంలోనే ఉంది. ఆ చీటీ రాసినది తమ సలహా సంఘంలోని రిటైర్డ్ చరిత్ర లెక్చరరు గారు. ఆయన నా బావమరిది కావడం నా దురదృష్టం. ఆయన చరిత్ర చెప్పడం ఆయన విద్యార్థుల దురదృష్టం. బోర్డును తమకు చూపించిందీ ఆయనే. వెళ్ళి అడిగాను.

"బావా, నువ్వు ప్రతిదానికీ యుద్ధానికి వస్తావు. ఎండకీ వానకీ తుప్పు పట్టిపోతోంది. కాపాడాం."

"నువ్వు కాపాడింది రేకునిరా. అది కాపాడుతున్న మనుషుల్ని వదిలేశావు."

"రేకు మళ్ళీ దొరకదు బావా!"

మనుషులు దొరుకుతారని ఆయన నోటితో అనలేదు. అనకుండా మర్యాద పాటించారు.

5. స్టేషన్ మాస్టరు గారిని అడిగాను. చేతిలో ఉన్న టీ కింద పెట్టకుండానే చెప్పారు.

"పెద్దాయనా, ఆ బోర్డు మా లిస్టులోనే లేదు. లేనిదాన్ని తీసేశారని ఎలా రాసుకోను?"

"లేనిదాన్ని అద్దాల్లో ఎలా పెట్టారు?"

"అది వేరే లిస్టండీ."

వంతెన ఎక్కి దాటమన్నారు. వంతెన స్టేషనుకు అవతలి కొసన ఉంది. ఆయన ఎక్కగా నేను చూడలేదు.

6. డ్యూటీ దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డ డ్రైవరు ఒకాయన మాత్రం మనిషిలా జవాబు చెప్పాడు. "బోర్డు కనబడితే చెయ్యి దానంతటదే పోతుంది తాతగారూ. పాత డ్రైవర్లు మాకలా నేర్పారు. బోర్డు లేనిచోట కూత వేస్తే ఎందుకు వేశావని అడుగుతారు. నేనేం చెప్పను?" ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. తమ శాఖలో నాకు ఫిర్యాదు లేని మనిషి ఆయనొక్కడే.

7. మా అక్కకు చూపు పోయింది. చేతులు పోలేదు గనుక ఆ షెడ్డులో కండెలు చుడుతుంది. గేటు దగ్గర కూత వినబడితే ఆగుతుంది. బండి పోయాక దాటుతుంది. ఇన్నేళ్ళూ అలాగే దాటింది. బోర్డు తీసిన సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెబితే పని మానేయాలి. పని మానేస్తే ఆమె ఎన్నాళ్ళో ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని దాటిస్తానంటే, "వదల్రా, నలుగురూ నవ్వుతారు. నిన్ను ఎత్తుకుని దాటించినదాన్ని నేను" అంది. పట్టుకున్నా మలుపు మలుపే.

మొన్న రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఏరా, ఈమధ్య బండ్లు తగ్గించారా? ఒక్క కూతా వినబడటం లేదు" అంది.

తగ్గించారక్కా అన్నాను.

మర్నాడు ఆమె పట్టాల మీద కాలు పెట్టింది. షెడ్డు మేస్త్రీ వెనక నుంచి భుజం పట్టి లాగాడు. ఆమె చేతికర్ర బండి కింద పడి ముక్కలైంది. ఆ ముక్కలు నా దగ్గర ఉన్నాయి. తమ అద్దాల గదిలో ఖాళీ ఉంటే పంపుతాను. చీటీ కూడా నేనే రాస్తాను. బావమరిదికి శ్రమ ఎందుకు.

కావున, ఆ బోర్డును వెంటనే దాని చోట నిలబెట్టించవలెను. వారసత్వం మీద అంత మమకారం ఉంటే దాని నకలు చేయించి అద్దాల్లో పెట్టుకోండి. చూడవచ్చేవాళ్ళకు తేడా తెలియదు. మా అక్కకు తెలుస్తుంది.

ఇది తమ చిత్తానికి ఎక్కుతుందన్న ఆశ లేకపోయినా, చిత్తగించవలెనని రాయడం విధి గనుక రాస్తున్నాను.

ఇట్లు,
ఇంతవరకు మాత్రం తమ విధేయుడు,
గేటు పక్క ఇంటి ముసలివాడు

తా.క. దీన్ని నిన్ననే పోస్టు చేయవలసింది. తమ పరిశీలన సంగతి తెలిసి ఆగలేకపోయాను. ట్రంకుపెట్టె మూత ఊడదీసి, దాని మీద "కూత" అని రంగుతో రాసి, మెడకు తగిలించుకుని మలుపు ముందు నిలబడ్డాను. గూడ్సు బండి డ్రైవరు పొడుగాటి కూత వేసి, తర్వాత తల బయట పెట్టి, "చావడానికి ఇదే చోటు దొరికిందా ముసలోడా!" అని తిట్టాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి అక్క దాటేసి నిలబడి ఉంది. "కూసిందిరా! విన్నావా, కూసింది" అంది. నా భుజం కోసం చెయ్యి చాపితే రేకు తగిలింది. అంచులన్నీ తడిమింది. ఆరని రంగు వేళ్ళకు అంటుకుంది. ఆ వేళ్ళను వాసన చూసింది.

"బోర్డు తీసేశారా?"

"ఆ."

"రోజూ నువ్వే నిలబడతావా?"

"ఆ."

"నీ తర్వాతో?"

దీనికి జవాబు తమరే చెప్పాలి. కాగితం మీద వద్దు. ఆమెకు కనబడదు.