మూసేశారన్న నర్సరీ

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లాక, నీకొక కబురు చెబుదామని కూర్చున్నాను.

నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మన మదనపల్లె నర్సరీలో నీ దగ్గరే పని నేర్చుకుని పుంగనూరులో సొంత నర్సరీ పెట్టుకున్న గంగప్ప మన రైతులకేం చెప్పాడు? "మదనపల్లె నర్సరీ మూసేసినారప్పా, ఇంగ నారంతా నా కాడే." అది విని నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను మర్చిపోలేదు.

నువ్వు పోయాక నర్సరీ నేనే చూసుకుంటున్నాను. మన వెబ్‌సైట్‌కి వచ్చినవాళ్లు మామిడి, టమాటా, పూలమొక్కలు అన్నీ ఒకేచోట చూసి, ఏమీ అడక్కుండానే వెళ్లిపోయేవాళ్లు. గేటు దగ్గర ఏ రైతునైనా నువ్వు మొదట అడిగే మాట గుర్తొచ్చింది. కుప్పం టమాటా రైతులకే వేరే పేజీ చేయించి, పైన అదొక్కటే పెట్టాను: "మీ బోరులో నీళ్లెంత ఉండాయి?" జవాబు నొక్కితే ఆ నీళ్లకు సరిపోయే నారు, దాని కింద మన నంబరు. ఆ పేజీనే కుప్పం వైపు ఫోన్లలో కనబడేలా ప్రకటన ఇచ్చాను. గంగప్ప దగ్గర కొనే కుప్పం రైతులంతా ఇప్పుడు మనకే ఫోన్ చేస్తున్నారు.

నిన్న గంగప్పే చేశాడు. "కొనేవాళ్లు లేక నారు ముదిరిపోతాండాదమ్మా. మీ పేజీలో నాది కూడా పెట్టు."

"మా నర్సరీ మూసేసినామని నువ్వే కదప్పా చెప్పింది? మూసేసిన నర్సరీలో నీ నారు యాడ పెట్టేది?" అని ఫోన్ పెట్టేశాను.

నువ్వైతే ఆ నారు అమ్మిపెట్టేవాడివి. అందుకే నువ్వున్నన్నాళ్లూ వాడు బతికిపోయాడు.