గవద గొలుసు

మద్రాసు,
12-8-1963

శేషమ్మ వదిన గారికి,

నిన్ననే గంజి మాని ఇడ్లీ తిన్నాను, దిగులుపడకండి.

గవద తగ్గుతుందని మీ బంగారు గొలుసు ఎనిమిది నెలలు మెడలో వేసుకున్నాను గదా! ఇక్కడి డాక్టరు గారు చెవి కింద గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించారు. అది గవద కాదట, ఉమ్మి ఊరే గ్రంథిలో ఎక్కడో ఒకరికి వచ్చే రాచపుండట, అదే క్యాన్సరు. మూతిని కదిలించే నరం దాని పక్కనే ఉందట. నరం తెగకుండా నాలుగు గంటలు కష్టపడి గడ్డ తీసేశారు.

మర్నాడు “బుగ్గలు పూరించి ఊదమ్మా” అన్నారు. ఊదుగొట్టంతో పొయ్యి ఊదిన నోరాయె, ఆయన చేతిలో కాగితాలు ఎగిరిపోయినాయి! మీ తమ్ముడేమో, “అయితే మూతివిరుపులు కూడా మిగిలినట్టే” అన్నారు.

మీ పక్కింటి చెంచమ్మకు మూడు నెలలుగా గవద ఉందనీ, నొప్పి లేదనీ, గొలుసు పంపమనీ రాశారు. నొప్పి లేదనే నేనూ ఊరుకున్నాను వదినా. గవదయితే పది రోజుల్లో పోయేది. కోప్పడినా సరే, గొలుసు పంపను. చెంచమ్మను వెంటనే నెల్లూరులో రైలెక్కించండి. డాక్టరు గారు చూశాక గొలుసు ఆమెకే ఇచ్చి పంపుతాను. చేతికిస్తాను, మెడలో మాత్రం వేయను.

కుట్లు లాగుతున్నా నవ్వుతున్న,
మీ మరదలు